వాషింగ్టన్‌ను తిట్టి తెచ్చిన వంతెన

అమెరికా ప్రతినిధుల సభలో 435 స్థానాలుంటే, 17 లక్షల చదరపు కిలోమీటర్ల అలాస్కా మొత్తానికీ దక్కింది ఒక్కటే. ఆ ఒక్క కుర్చీలో 1973 మార్చి నుంచి 2022 మార్చిలో కన్నుమూసేదాకా డాన్ యంగ్ గారే కూర్చున్నారు కనుక, అభ్యర్థిని మార్చే శ్రమకు ఓర్వని అక్కడి ఓటర్ల నిలకడను మెచ్చుకోక తప్పదు.

ఆయన రంగప్రవేశమే అపూర్వం. ఫోర్ట్ యూకాన్ అనే మారుమూల ఊళ్లో బడిపంతులుగా, పడవ సరంగుగా, మేయరుగా పేరు తెచ్చుకుని 1972లో పోటీకి దిగి, పోలింగుకు ముందే విమానంతో సహా గల్లంతైన నిక్ బెగిచ్ చేతిలో ఓడిపోయారు. ఎదుట లేని ప్రత్యర్థి చేతిలో ఓడినా కుంగిపోకుండా, ఆ గెలిచినవారు ఇక రారని తేలి స్థానం ఖాళీ కావడంతో వచ్చిన ఉప ఎన్నికలో నెగ్గారు. ఆ తర్వాత 24 ఎన్నికల్లో ఆయనకు ఓటమి ఎదురుపడలేదు.

అలాస్కా నేలలో దాదాపు 60 శాతం ఫెడరల్ ప్రభుత్వానిదే. అందుకే ఆయన సిద్ధాంతం సూటిగా ఉండేది: వాషింగ్టన్ మా నేల మీద చెయ్యి వేయకూడదు, మా చేతిలో మాత్రం డబ్బు వేయాలి. చేతికి ఎముక లేదని దాతలను పొగడడం మనకు అలవాటు. యంగ్ గారి చేతిలో మాత్రం, వన్యప్రాణి శాఖ అధిపతి హాజరైన విచారణలో, మగ వాల్రస్ జననాంగపు ఎముక కత్తిలా ఝళిపించబడింది. చర్చకు ఇంతకన్నా గట్టి ఆధారం చూపిన సభ్యుడు మరొకరున్నారని నేననుకోను.

రవాణా కమిటీ అధ్యక్షుడయ్యాక ఆ చేయి మరింత సాగింది. 28,600 కోట్ల డాలర్ల 2005 నాటి రహదారుల చట్టానికి, పొడి అక్షరాల్లో తన భార్య లూ పేరు ఇమిడేలా నామకరణం చేయించారు. కెచికాన్ పట్టణం నుంచి సుమారు 50 మంది నివసించే గ్రావినా దీవికి వంతెన కోసం అందులో 22.3 కోట్ల డాలర్లు చేరాయి. ఆ దీవిలో విమానాశ్రయం ఉన్న మాట నిజమే, అక్కడికి కొద్ది నిమిషాల్లో చేర్చే ఫెర్రీ ఉన్న మాటా నిజమే. దేశమంతా నవ్వడంతో, ఆ డబ్బు వంతెనకే వాడాలన్న షరతును కాంగ్రెస్ ఎత్తేసింది, డబ్బును మాత్రం అలాస్కాకే వదిలేసింది. 2007లో రాష్ట్రమే వంతెనను విరమించుకుంది. అయినా ఆ వంతెన దిగే చోటికి దీవిలో వేయాల్సిన రోడ్డును, దాదాపు రెండున్నర కోట్ల డాలర్లతో, నిక్షేపంగా పూర్తి చేశారు.

వేట యాత్రలకూ కానుకలకూ సంబంధించి 59,063 డాలర్లు తిరిగి కట్టాలని 2014లో సభా నైతిక విలువల కమిటీ ఆయనను మందలించింది. అదే ఏడాది నవంబరులో ఓటర్లు మళ్లీ గెలిపించారు. కాలక్రమంలో సభలో అందరికన్నా సీనియర్ ఆయనే అయ్యారు. దాంతో 2019లో, విధులను నిష్ఠగా నిర్వర్తిస్తానని స్పీకర్ నాన్సీ పెలోసీ చేత ప్రమాణం చేయించే బాధ్యతను సభా సంప్రదాయం ఆయనకే అప్పగించింది.