చెయ్యి పోతే ఎంత?

ఒకటే చెయ్యి, మూడు లెక్కలు. టైపింగ్, డేటా ఎంట్రీ పని చేసుకునే ఇరవై ఏళ్ల కుర్రాడు రోడ్డు ప్రమాదంలో కుడిచెయ్యి పోగొట్టుకున్నాడు. వైకల్యం 89 శాతమని డాక్టర్లు సర్టిఫికెట్ ఇచ్చారు. సంపాదించే శక్తిలో పోయింది 45 శాతమేనని కింది కోర్టుల్లో తేలింది. 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని 65 శాతం చేసింది. టైపు కొట్టి బతికేవాడికి కుడిచెయ్యి లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి లా చదవనక్కర్లేదు. అయినా ఆ మాట ఒప్పించడానికి ఢిల్లీలో పెద్ద కోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. అంతదూరం వెళ్లలేనివాళ్ల చేతులు 45 దగ్గరే ఆగిపోతాయి.

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. గాయపడినవారు 4,43,366 మంది. మొదటి అంకె గురించి అందరం రాస్తాం. రెండో అంకెలోనివారు వార్తలో ‘మరో ఇద్దరికి తీవ్ర గాయాలు’ అన్న ఆఖరి వాక్యం అవుతారు. ఈ తప్పులో మా పత్రికకూ వాటా ఉంది. 108లో ఆసుపత్రికి వెళ్లిన ఆ ఇద్దరికి కాల్లో రాడ్ వేస్తారు. ఇంట్లో బంగారం తాకట్టుకు పోతుంది, చిట్టీ పాడాల్సి వస్తుంది. ఆరు నెలలు మంచం మీద ఉన్నాక ‘ఓపీ వేస్తే డబ్బులొస్తాయట’ అని ఎవరో చెబుతారు. ఓపీ అంటే ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌లో వేసే పిటిషన్. ఎంతొస్తాయి, ఏ లెక్కన వస్తాయి అంటే, చెప్పినాయనకీ సరిగ్గా తెలియదు.

చట్టంలో ఉన్నది ఒక్క మాటే. ట్రిబ్యునల్ ‘న్యాయమని తోచిన’ పరిహారం ఇవ్వాలంటుంది 1988 మోటారు వాహనాల చట్టంలోని 168వ సెక్షన్. బాధితుడు పిటిషన్లో తక్కువ అడిగినా, న్యాయమనిపిస్తే అంతకంటే ఎక్కువ ఇవ్వొచ్చని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ‘న్యాయం’ ఏమిటన్నది తర్వాతి తీర్పులు విడమరిచాయి. వయసును బట్టి గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని హెచ్చవేయాల్సిన అంకె, ఎంతో 2009లో పట్టిక ఇచ్చారు. గాయాల కేసుల్లో ఏయే పద్దుల కింద లెక్కగట్టాలో 2010లో వివరించారు. భవిష్యత్తులో పెరగబోయే ఆదాయాన్ని ఎంత శాతం కలపాలో 2017లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. గాయపడి బతికినవారికీ ఆ పెంపు వర్తిస్తుందని పైన చెప్పిన 2020 తీర్పు స్పష్టం చేసింది. కాబట్టి సూత్రం లేదని ఎవరూ అనలేరు. గొడవంతా ఆ సూత్రంలోకి వెళ్లే మొదటి రెండు అంకెల దగ్గరే ఉంది: ఆదాయం, వైకల్య శాతం.

ఒక తాపీమేస్త్రీని తీసుకుందాం. వయసు 34. రోజుకు 800 రూపాయలు, నెలలో 25 రోజులు పని. అంటే నెలకు 20,000, ఏడాదికి 2,40,000. సొంతంగా పని చేసుకునేవాడు, నలభై ఏళ్లలోపువాడు కనుక 40 శాతం కలపాలి. 3,36,000 అవుతుంది. ఆ వయసుకు గుణకం 16. మొత్తం 53,76,000. చనిపోయినవారి కేసులో సొంత ఖర్చుల కింద కొంత కోసేస్తారు. ఇక్కడ మనిషి బతికే ఉన్నాడు, తినాలి, కాబట్టి ఆ కోత ఉండదు. లారీ గుద్ది కుడి మణికట్టు పనికిరాకుండా పోయిందనుకుందాం. ఇక తాపీ పట్టలేడు. సంపాదించే శక్తి 80 శాతం పోయిందంటే రావాల్సింది 43,00,800 రూపాయలు.

ఇప్పుడు ఇదే మేస్త్రీ, ఇదే చెయ్యి. జీతం చీటీ లేదు కనుక నెలకు పది వేలే అనుకుందాం అన్నారు. డాక్టరు రాసిన 40 శాతం ఒక్క చేతికి మాత్రమే కనుక ఒళ్లు మొత్తానికి 20 శాతం చాలు అన్నారు. లెక్క 5,37,600 దగ్గర తేలుతుంది. చట్టం మారలేదు, గుణకం మారలేదు. తేడా మాత్రం ఎనిమిది రెట్లు.

ఆదాయం సంగతి ముందు చూద్దాం. మన దగ్గర మేస్త్రీకి, ఆటో డ్రైవరుకి, టిఫిన్ బండి నడిపే ఆమెకి, కౌలు రైతుకి పే స్లిప్ ఎవరిస్తారు? బెంగళూరులో 2004లో గాయపడిన ఒక కూలీ తనకు నెలకు 4,500 వస్తుందని చెప్పుకుంటే కింద 3,000గానే లెక్కేశారు. 2011లో సుప్రీంకోర్టు అతని మాటే ఒప్పుకుంది. ఆ రోజుల్లో కూలీకి అంత రావడం నమ్మదగినదే, కాగితం లేదని కొట్టేయక్కర్లేదు అని దాని సారాంశం. కాగితం లేకపోతే అందరికీ ఒకే గుండుగుత్త అంకె వేసేసే అలవాటు మాత్రం చాలాచోట్ల పోలేదు. కనీస వేతనాన్ని ఆధారంగా తీసుకోవడం కొంత నయం. కానీ అది నేల కావాలి, పైకప్పు కాకూడదు. ఇల్లు కట్టించుకున్న ఎవరినడిగినా మేస్త్రీ కూలి ఎంతో చెబుతారు. ఇప్పుడైతే సగం కూలి ఫోన్‌పేలోనే పడుతోంది, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు తీస్తే తెలిసిపోతుంది. రైతు విషయంలో మరో వాదన తెస్తారు: భూమి ఎక్కడికీ పోలేదు కదా, పంట వస్తుంది కదా అని. భూమి ఉంటుంది నిజమే. తెల్లారుజామున మోటారు వేసి నీళ్లు కట్టే మనిషి మంచంలో ఉన్నాడు. కౌలు రైతుకైతే ఆ భూమీ లేదు, తన పేరున కాగితమూ లేదు.

ఇల్లు చూసుకునే ఆడవాళ్ల లెక్క ఇంకా అన్యాయంగా ఉండేది. సంపాదన లేనివారి ఊహాజనిత ఆదాయం ఏడాదికి 15,000 రూపాయలని 1994లో చట్టానికి కలిపిన షెడ్యూల్లో రాశారు. మధ్యలో ధరలు ఎన్ని రెట్లు పెరిగినా ఆ అంకె ఇరవై ఏళ్లకు పైగా కదల్లేదు. 2021 జనవరిలో వచ్చిన ఒక తీర్పులో మన ఉమ్మడి కృష్ణా జిల్లా వాసి జస్టిస్ ఎన్.వి.రమణ ఈ విషయం మీద విడిగా రాశారు. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారన్న జాతీయ సర్వే అంకెలను అందులో ముందుపెట్టారు. వెన్ను దెబ్బతిని వంగలేని గృహిణికి ‘మీకు ఆదాయ నష్టం లేదు’ అనే ముందు ఆ 299 నిమిషాల పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారో అడగాలి. చాలా ఇళ్లలో జవాబు ఒకటే: బడి మానేసిన కూతురు.

రెండో అంకె వైకల్య శాతం. మన రెండు రాష్ట్రాల్లో అందరికీ తెలిసిన పేరు సదరం సర్టిఫికెట్. పింఛనుకు అది సరిపోతుంది. కానీ పరిహారానికి కావాల్సిన ప్రశ్న వేరు: ఈ గాయంతో ఈ మనిషి తన పని చేసుకోగలడా? 2010 తీర్పు ఈ తేడాను పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. ఎడమచెయ్యి తెగితే వైకల్యం 60 శాతం దాకా వేస్తారు. తెగినవాడు డ్రైవరో వడ్రంగో అయితే సంపాదనలో నష్టం దాదాపు నూటికి నూరు. ప్రభుత్వాఫీసులో గుమాస్తా అయితే ఉద్యోగం అలాగే ఉండొచ్చు, నష్టం చాలా తక్కువ. అంటే సర్టిఫికెట్‌లో అంకె చూసి అలాగే ఎత్తి రాసెయ్యడం తప్పు, అడ్డంగా సగానికి కోసెయ్యడం ఇంకా తప్పు. ఈ పరీక్ష సరిగ్గా జరగాలంటే వైద్యం చేసిన డాక్టరు వచ్చి సాక్ష్యం చెప్పాలి. ఆయనకు ఆసుపత్రి ఓపీలో రెండొందల మంది రోగులు వెయిటింగ్, లేదంటే వేరే జిల్లాకు బదిలీ. వాయిదా మీద వాయిదా పడుతుంది. పుత్తూరు కట్టు కట్టించుకున్నవాడి దగ్గరైతే చూపించడానికి ఎక్స్‌రే తప్ప బిల్లే ఉండదు.

సేవ చేసేవారి సంగతి కూడా ఇంతే. హరియాణాలో 2007లో పన్నెండేళ్ల పాప తలకు దెబ్బ తగిలి, పసిబిడ్డ స్థాయి బుద్ధితో జీవితాంతం మంచానికే పరిమితమైంది. ట్రిబ్యునల్ ఇచ్చింది 11 లక్షల పైచిలుకు. హైకోర్టులో అది 25 లక్షలు దాటింది. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 62 లక్షలకు పైగా చేసింది. అందులో 21.6 లక్షలు ఆమెను చూసుకునే ఇద్దరు మనుషుల కోసమే. కన్నతల్లే చూసుకుంటోంది కదా, దానికి డబ్బెందుకు అనే మాటను ఇకనైనా కట్టిపెట్టాలి. ఆ తీర్పు వచ్చేనాటికి పాపకు పాతికేళ్లు నిండుతున్నాయి.

దీని పక్కన ఎక్స్‌గ్రేషియాను పెట్టి చూడండి. 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో గ్యాస్ లీకైనప్పుడు మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. వెంటిలేటర్ మీద ఉన్నవారికి 10 లక్షలు, ఆసుపత్రిలో చేరినవారికి లక్ష అన్నారు. వేగంగా ఇచ్చారు, ఆ మేరకు మెచ్చుకోవాలి. కానీ వెంటిలేటరా, వార్డా అన్న దాన్నిబట్టి గాయం ఎంతో ఎలా తెలుస్తుంది? ఊపిరితిత్తులు పదేళ్ల తర్వాత ఏమంటాయో ఆ రోజు ఎవరికీ తెలియదు. టీవీ కెమెరాలు చేరిన ప్రమాదంలో కోటి, బైపాస్ రోడ్డు మీద రాత్రి పదకొండింటికి జరిగిన ప్రమాదంలో ఐదు లక్షల కోసం ఐదేళ్ల తిరుగుడు. మనిషి అదే, చెయ్యి అదే.

బీమా కంపెనీల వైపు మాట కూడా ఉంది. దొంగ క్లెయిములు ఉన్నాయి. బండి మార్చి, డ్రైవరును మార్చి వేసే కేసులు కోర్టుల్లో బయటపడ్డాయి. ఆ డబ్బు చివరికి మనందరి ప్రీమియంలోంచే పోతుంది. వాటిని పట్టుకోవాల్సిందే. అయితే ఆ అనుమానాన్ని ప్రతి బాధితుడి మీదా రుద్ది ‘మీ తప్పూ ఉంది’ అంటూ పరిహారంలో కోత అడగడం ఒక పద్ధతిగా మారింది. బండి మీద ముగ్గురు కూర్చున్నంత మాత్రాన ప్రమాదంలో వాళ్లకూ వాటా ఉన్నట్టు కాదని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. ముగ్గురు ఎక్కడం తప్పే, చలానా వెయ్యండి. వెనక నుంచి వచ్చి గుద్దిన కారుకూ దానికీ సంబంధం ఏమిటో మాత్రం చూపించాలి.

లోక్ అదాలత్ మాట కూడా ఇక్కడ చెప్పాలి. త్వరగా తేలుతుంది, మంచిదే. కానీ అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు ఉండదు. మూడేళ్లుగా అప్పు వడ్డీ కడుతున్న మనిషికి రేపే చెక్కు అంటే సగానికైనా సంతకం పెట్టేస్తాడు. అతనికి ఆ పూట కావాల్సింది ఒక చిన్న కాగితం: పై లెక్క ప్రకారం నీకు రావాల్సింది ఇంత, వీళ్లు ఇస్తామంటున్నది ఇంత. న్యాయసేవాధికార సంస్థలు సంతకానికి ముందే ఆ కాగితం చేతికి ఇవ్వడం తప్పనిసరి చేయాలి. పర్సెంటేజీ మాట్లాడుకుని కేసు పట్టే దళారుల బెడదకూ అది కొంత మందు. గెలిస్తే ఇంత వాటా అని ఫీజు మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం, ఆసుపత్రి గేటు దగ్గర జరిగేది మాత్రం అదే.

పోలీసులు చేయాల్సిందీ ఉంది. 2022 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ప్రమాదం జరిగిన 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో వివర నివేదిక ట్రిబ్యునల్‌కు చేరాలి. ఆ వివర నివేదికలోనే బాధితుడి పని ఏమిటి, ఆ ఊళ్లో ఆ పనికి కూలి ఎంత అన్నది పంచాయతీ కార్యదర్శినో మేస్త్రీల సంఘాన్నో అడిగి రాస్తే కోర్టులో సగం వాదన తగ్గుతుంది. వైకల్య బోర్డులు కూడా అంకె కింద రెండు వాక్యాలు రాయాలి: ఇతను చేసే పని ఇది, ఈ గాయంతో అందులో ఏది చేయగలడు, ఏది చేయలేడు. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. రెండు రాష్ట్రాల హైకోర్టులు, హోం, వైద్య శాఖలు కలిసి ఒక సర్క్యులర్ ఇస్తే చాలు.

కేంద్రం సరిచేయాల్సింది మాత్రం ఒకటుంది. గడువు లేని క్లెయిములకు 2019 సవరణ ఆరు నెలల గడువు పెట్టింది. 2022 ఏప్రిల్ నుంచి అది అమల్లో ఉంది. గడువు దాటిందన్న ఒక్క కారణంతో పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశం ఇవ్వడంతో ప్రస్తుతానికి ఊరట దొరికింది. కోర్టు చెప్పేదాకా ఆగకుండా పార్లమెంటే ఆ నిబంధన తీసెయ్యాలి. తొడ ఎముక విరిగినవాడికి రాడ్ తీయాలా వద్దా అని డాక్టరు ఆలోచించేదే ఏడాది దాటాక. ఎంత పోయిందో అతనికే తెలియకముందు, ఎంత కావాలో పిటిషన్లో రాసివ్వమంటోంది చట్టం.