పాదాల మంటకి మైక్రోకరెంట్ పెట్టే ముందు
చర్మానికి ప్యాడ్లు అంటించి అతి సన్నటి కరెంటు పంపే మైక్రోకరెంట్ యంత్రం ఇంట్లో పెట్టుకుంటే పాదాల్లో నరాల మంట తగ్గుతుందని ఒకరు రాసింది చదివాను. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని మా కవిటి వైపు వాళ్ల కోసం కొంచెం చేరుస్తాను. ఇందులో కరెంటు 1 మిల్లీ ఆంపియర్ లోపే, చాలామందికి తెలియనే తెలియదు. చురుక్కుమనేది నొప్పికి ఇంకాస్త ఎక్కువ కరెంటు పెట్టే టెన్స్ మిషను, అది వేరు. మా అత్తకి షుగరు, పాదాల్లో స్పర్శ తగ్గింది. ప్యాడ్ కింద చర్మం కందినా ఆవిడకి తెలీదు, అందుకే ప్రతిసారీ నేనే తీసి చూస్తాను. నిద్ర కాస్త పడుతోందంటోంది, కానీ దీనిమీద పరిశోధనలు ఇంకా తక్కువే. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోవద్దు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ కదండీ. నరాల నొప్పికిచ్చే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ మోతాదు కిడ్నీ పనితీరుని బట్టి తగ్గించాలి. యంత్రం కొనేముందు దయచేసి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి మింగేవాళ్లు విటమిన్ బీ12 కూడా చూపించుకోవాలి, అది తగ్గినా పాదాలు ఇలాగే మండుతాయి.