లేని ఫిఫ్త్ ఆర్చ్ గారికి, నెల్లూరు నుంచి

మహారాజశ్రీ ఫిఫ్త్ అయోర్టిక్ ఆర్చ్ గారి సముఖానికి,

ఫస్టియర్ ఎంబీబీఎస్ కుర్రాడు చేసుకునే మనవి ఏందంటే, కడుపులో పిండానికి గుండె దగ్గర జతలుగా మొలిచే వంపు రక్తనాళాల్ని అయోర్టిక్ ఆర్చ్‌లంటారు, ఆరు నంబర్ల ఆ లెక్కలో ఐదోవారు మీరు, మీరు యాడుంటారో ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి ఈ ఉత్తరం ఇట్టా గాల్లోకి వదుల్తుండా.

నిన్న ఎంబ్రియాలజీ వైవా, అంటే పిండం ఎట్టా పెరుగుద్దో నోటితో అడిగే పరీక్ష. పొద్దున పదకొండుకి రమ్మని సాయంత్రం నాలుగున్నరకి పిలిచారు. రోహిణి కార్తె ఎండ, ఏప్రన్ వీపుకి అతుక్కుపోయింది, కారిడార్లో ఫ్యాను తిరగదు, ఫార్మలిన్ వాసనకి ఆకలి కూడా చచ్చింది. ఆ ఐదున్నర గంటలూ నిలబడే మీ అన్నదమ్ములందర్నీ బట్టీ కొట్టినా. నాలుగో వారం, పిండం ఇంకా పెసరగింజంత ఉండంగానే మీ వాళ్ళు జతలు జతలుగా మొలుస్తారు, అందరూ ఒకేసారి కాదు, చివరోడు వచ్చేసరికి మొదటి ఇద్దరూ దాదాపు సర్దేసి ఉంటారు. థర్డ్ ఆర్చ్ మెడలో కొట్టుకునే కామన్ కెరోటిడ్ అవుద్ది. ఎడమ ఫోర్త్ గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం అయోర్టా వంపులో ఒక ముక్క, కుడి ఫోర్త్ కుడి చేతికి పోయే సబ్‌క్లేవియన్ మొదలు, సిక్స్త్ ఊపిరితిత్తులకి పోయే పల్మనరీ. నిద్రలో లేపి అడిగినా చెప్తా.

లోపలికి పోతే సారు తల కూడా ఎత్తకుండా అడిగిందేంది? "ఫిఫ్త్ ఆర్చ్ డెరివేటివ్స్ చెప్పబ్బయ్యా." అంటే ఐదోది పెద్దయ్యాక ఏమవుద్దో చెప్పమని.

ఫోర్త్‌కీ సిక్స్త్‌కీ మధ్య బుర్రంతా గాలించినా. పోయినేడు రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో నిలబడి చదువు బాగా రావాలని విద్య రొట్టె పట్టుకున్నా, ఆ రొట్టె కూడా నాలుగు దగ్గర్నుంచి ఆరుకి దూకేసినట్టుంది. "గుర్తు రావడం లా సార్" అన్నా. "సోమవారం మళ్ళీ రా" అన్నాడు.

నా వెనక రోల్ నంబరోడికీ అదే ప్రశ్న. వాడు పుస్తకం తెరిస్తే ఒట్టు, రాత్రంతా క్రికెట్ చూసినాడు. చేతులు కట్టుకుని "ఏం లేదు సార్" అన్నాడంట, అంటే నా బుర్రలో ఏం లేదు సార్ అని వాడి గోడు. సారు "వెరీ గుడ్, కరెక్ట్" అని మార్కులేసి పంపించాడు.

ఇంక ఈ గారూ గీరూ చాలు. అసలు నువ్వెవరు? మనుషుల్లో నువ్వు పుట్టనే పుట్టవంట, పుట్టినా అరకొరగా పుట్టి ఆనవాలు లేకుండా పోతావంట. అట్టాంటప్పుడు ఆరోవాణ్ణి ఐదోవాడని పిలిస్తే ఎవురి సొమ్ము పోయింది? మా ఊళ్ళో ఓటర్ లిస్టులో చచ్చిపోయినోళ్ళ పేర్లుంటాయి, వాళ్ళు కనీసం ఒకప్పుడు బతికినోళ్ళు. 1969లో వాన్ ప్రాగ్ అనే డాక్టర్ దంపతులు ఒక కేసులో నువ్వు మిగిలిపోయి కనిపించావని రాశారు, అది నిజంగా నువ్వేనా ఇంకోటా అని డాక్టర్లు ఇప్పటికీ వాదించుకుంటానే ఉండారు. కనపడితే కూడా నమ్మలేని మనిషివి నువ్వు!

మిగతా వాళ్ళతో నాకేం పేచీ లా. కడుపులో బిడ్డకి ఊపిరితిత్తులతో పని ఉండదు గదా, అందుకని ఎడమ సిక్స్త్ డక్టస్ అని ఒక అడ్డకాలువ పెట్టి రక్తాన్ని అయోర్టాలోకి మళ్ళిస్తది, బిడ్డ పుట్టి ఏడ్చినాక రెండు మూడు రోజుల్లో మామూలుగా దానంతటదే మూసుకుంటది. మా కాలువకి తూము దించాలంటే నీళ్ళు వదిలే లస్కర్‌ని ఎన్నిసార్లు బతిమాలాలో. కుడి ఫోర్త్ దారి తప్పి మాయమైతే సబ్‌క్లేవియన్ అన్నవాహిక వెనక నుంచి దూరి పోద్ది, కొందరికి ముద్ద దిగదు, 18వ శతాబ్దంలోనే బేఫర్డ్ అనే ఆయన దీన్ని ప్రకృతి ఆడిన పరాచికం అన్నాడు. వాళ్ళు తప్పు చేసినా ఒక అర్థముంది. నువ్వు తప్పు చేసేదానికి కూడా లేవు.

ఇయ్యాల ఆదివారం. అమ్మ పులుసుకని బొచ్చె చేప తెచ్చి, మొప్పలు పీకి పక్కన పడేసింది. ఒక్కో పక్క నాలుగు ఎర్రటి కమానులు. చూస్తా చూస్తా ఉంటే తట్టింది, చేపల్లో ఈ మొప్పలకి రక్తం మోసేది మూడు, నాలుగు, ఐదు, ఆరు నంబర్ల ఆర్చ్‌లు. ఐదు! నువ్వేరా అబ్బయ్యా, రెండు వేళ్ళ మధ్య మెత్తగా, తడిగా. ఈడ ఇంత బుద్ధిగా డ్యూటీ చేస్తుండావా? నీ సీటు ఈడ ఉండబట్టే గదా మనిషిలో కూడా ఆ ఆరోవాడు ఆరోవాడిగా మిగిలింది. చేపలో చేసేవాడివి మనిషిలోకి వచ్చేసరికి ఏం రోగం నీకు, ఒక్క చిన్న రక్తనాళమన్నా అయ్యుంటే నా శనివారం దక్కేది కదరా...

"ఏందిరా, చేపతో మాట్లాడుతుండావు?" అంది అమ్మ. నా చేతిలోంచి లాక్కుని పిల్లికేసింది. పిల్లి నిన్ను రెండు నమలల్లో పూర్తి చేసింది.

రేపు సోమవారం. ఇప్పుడు నీ గురించి అరగంట ఆపకుండా చెప్పగలను. సారు ఈసారి ఫిఫ్త్ ఆర్చ్ అడగడు, నాకు తెలుసు.

ఇట్లు,
రోల్ నంబర్ 47