మెట్ల కింద విశ్రమిస్తున్న ప్రెషర్ వాషర్ గారికి

మహారాజశ్రీ ప్రెషర్ వాషర్ గారి దివ్యసముఖానికి,

కోనసీమలో, వైనతేయ పాయకు కూతవేటు దూరాన, కాలువగట్టు మీది ఒక ఊరిలో కాపురముంటున్న విశ్రాంత లెక్కల మాష్టారు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమందరం క్షేమం. నీటిని ఒత్తిడితో చిమ్మి కార్లూ గచ్చులూ కడగడానికి పుట్టిన తమరు మాత్రం మూడేళ్లుగా మా మెట్ల కింద, కొబ్బరికాయల రాశి పక్కన, చిరిగిన గోనెసంచి కప్పుకొని ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నారు కనుక, తమరి క్షేమాన్ని లేఖాముఖంగా విచారించవలసి వచ్చింది. తమరి స్థానంలో మరొకరిని తీసుకురావాలని మా ఇంట తీర్మానమైంది. ఆ సంగతి పక్కింటివారి ద్వారా తెలియడం కంటే నా నోటితోనే చెప్పడం మర్యాద అని భావించాను.

తమరి గృహప్రవేశం నాకు బాగా గుర్తుంది. సంక్రాంతి పది రోజులుందనగా, హైదరాబాదు నుంచి అల్లుడుగారు కొత్త కారులో వస్తున్నారని కబురు వచ్చింది. వానాకాలం వెళ్లి రెండు నెలలు దాటినా మా వాకిట్లో గచ్చు మీది నల్లటి పాకుడు వెళ్లలేదు. దాని మీద అల్లుడుగారు కాలు జారితే పండగ మాట దేవుడెరుగు, వియ్యపురాలి నుంచి వచ్చే ఫోనుకు జవాబు చెప్పుకునేది ఎవరని మా ఆవిడ అడిగింది. ఆ రాత్రే సెల్‌ఫోనులో తమరి దర్శనమైంది. ఫొటోలో తమరి పక్కన నిలబడిన కారు మీద ఈగ వాలినా జారిపోయేటట్టుంది. పెట్టె మీద, ఎన్నికల ఫ్లెక్సీలో అభ్యర్థి ముఖమంత పెద్ద అక్షరాలతో, 200 బార్ అని ఉంది, బార్ అంటే నీటి ఒత్తిడికి కొలత. వీధి చివరి ఆసామి కొన్న యంత్రం 130 బార్ మాత్రమేనని నాకు ముందే తెలుసు. ఇక ఆలోచించడానికి ఏముంటుంది?

ముప్పై ఒక్క సంవత్సరాలు పిల్లలచేత ఎక్కాలు వల్లె వేయించినవాణ్ణి, ఆ రాత్రి ఒక్క గుణకారం చేయలేదు. చేసి ఉంటే ఈ లేఖ అవసరమే వచ్చేది కాదు. పీడనాన్ని బార్లలోనూ, ప్రవాహాన్ని నిమిషానికి లీటర్లలోనూ తీసుకుని, రెంటినీ గుణించి 600తో భాగిస్తే నీటికి అందే శక్తి కిలోవాట్లలో వస్తుంది. తమరి పెట్టె మీద 200 బార్ ఉంది, నిమిషానికి 7 లీటర్లు ఉంది, అడుగున చీమ తలకాయంత అక్షరాలతో 1500 వాట్లు కూడా ఉంది. లెక్క కడితే 2333 వాట్లు తేలింది. అంటే తమరు 1500 వాట్లు ఆరగించి 2333 వాట్ల పని చేసి పెడతారన్నమాట! మూడు శేర్ల తవుడు తిని అయిదు శేర్ల వెన్న ఇస్తుందని చెప్పి ఎవరైనా గేదెను మా పశువుల సంతకు తోలుకొస్తే, గేదెను వదిలి మనిషికి పలుపు వేస్తారు. తమరిని మాత్రం పువ్వుల్లో పెట్టి ఇంటికి తెచ్చుకున్నాం.

తరువాత తెలిసిన రహస్యమేమిటంటే, ఆ 200 అనేది గరిష్ఠ పీడనమట, అంటే నీరు పారని క్షణంలో లోపల బిగుసుకునే ఒత్తిడి. నీరు పారుతూ ఉండగా నిలిచేది పనిచేసే పీడనం, దానిని వేరే గడిలో వేరే అంకెతో రాస్తారు, లేదా రాయడం మరచిపోతారు. మోటారులోనూ పంపులోనూ వృథా పోయేది పోగా 1500 వాట్ల యంత్రం నుంచి 1100 వాట్లు నీటికి చేరితే అదే గొప్ప. అంటే నిమిషానికి 6 లీటర్ల చొప్పున 110 బార్. కారు కడగడానికి అది ధారాళంగా సరిపోతుంది. అంతకు మించితే పోయేది మట్టి కాదు, రంగు. తమరు ఉన్నదున్నట్టు 110 అని చెప్పుకుని ఉంటే తమరి మీద నాకు ఎంతో గౌరవముండేది, కాని అప్పుడు నేను తమరిని కొని ఉండేవాణ్ణి కాను. కనుక ఈ విషయంలో తప్పు చెరిసగం పంచుకుందాం.

ఇక తమరి దాహం సంగతి. ఒక బార్ అంటే రమారమి పది మీటర్ల ఎత్తున్న నీటి బరువు. మా డాబా మీది ట్యాంకు వాకిట్లో కుళాయికి నాలుగు మీటర్ల ఎత్తున ఉంది, అర బార్ కూడా రాదు. సన్నపాటి పైపులో సగం పాచి పట్టగా, పది లీటర్ల బకెట్ నిండడానికి ఆ కుళాయికి రెండు నిమిషాల పైన పడుతుంది. నిమిషానికి 7 లీటర్లు మింగే తమరికి 5 లీటర్లయినా అందలేదు. తమరు దగ్గారు, ఎగిరారు, నీళ్లు చిమ్మే తుపాకీ నొక్కగానే ఒకసారి బుస కొట్టి మరుక్షణం చల్లారారు. గొట్టం తమరిదే, గొంతు ఎండింది తమరిదే, మాట పడింది మాత్రం నేను. తొట్టిలోంచి తమరే నీళ్లు తోడుకోగలరని పుస్తకంలో ఉంది కాని, తోడుకోవడానికి కావలసిన గొట్టమూ దాని చివర ఉండవలసిన జల్లెడా పెట్టెలో లేవు. రాజోలు వెళ్లి గొట్టం తెచ్చి, డ్రమ్మును అరుగు మీదకు ఎక్కించి, ముందుగా తుపాకీ కొసన ఉండే పొడవాటి ధారగొట్టం తగిలించకుండా నీళ్లు వదిలి లోపలి గాలి పోనిస్తే గాని తమరు ప్రసన్నులు కాలేదు.

ధవళేశ్వరం దగ్గర 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన కాటన్ దొర, అక్కడి నుంచి మా పొలాల చివరి తూము దాకా నీటిని మోటారు లేకుండా, కేవలం పల్లాన్ని నమ్ముకుని నడిపించాడు. ఆ నీటిని కాలువ రేవు నుంచి కారు దాకా పాతిక గజాలు తీసుకురావడానికి తమరికి ఇంత పరివారం అవసరమైంది. దొరగారి విగ్రహం దాటి వెళ్లేటప్పుడు ఇప్పటికీ నాకు తల ఎత్తాలంటే సిగ్గుగా ఉంటుంది.

అయినా ఏ నీళ్లు పెట్టాలి తమరికి? కాలువ నీళ్లు పెడితే ఒండ్రు, నాచు వచ్చి జల్లెడకు అడ్డం పడతాయి. వరదల రోజుల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు మా నాయనమ్మ చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపితే తెల్లవారేసరికి నీరు తేరేది, తమరి కోసం రెండువందల లీటర్ల డ్రమ్ముకు ఎన్ని చిల్లగింజలు అరగదీయాలో నేను లెక్క కట్టలేదు. వేసవిలో కాలువలు కట్టేశాక ఆ నీళ్లూ ఉండవు. బోరు నీళ్లు పెడదామంటే, సముద్రం దగ్గరవుతున్న కొద్దీ మా వైపు బోర్లు ఉప్పుతేలతాయి. ఆ నీటితోనే కదా అల్లుడుగారి నల్ల కారును తెల్లవారుజామున కడిగి, తుడవకుండా ఎండకు వదిలేసి, ఘనకార్యం చేసినట్టు కాఫీకి కూర్చున్నాం! తిరిగి వచ్చేసరికి బానెట్ నుంచి డిక్కీ దాకా తెల్లటి చుక్కలు. చుక్కల ముగ్గు వాకిట్లో వేస్తారు గాని కారు మీద వేయడం ఇక్కడి ఆచారమా అని అల్లుడుగారు ఎంతో వినయంగా అడిగారు. ఆ వినయానికి ఇప్పటికీ నాకు నిద్రపట్టదు. ఉప్పునీరు పైన చుక్కలు పెట్టి ఊరుకోదు, తమరి పంపు లోపలి లోహాన్ని కూడా తింటుంది. పని అయ్యాక మంచినీళ్లు ఒక నిమిషం పారించాలని అప్పట్లో తమరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

కరెంటు విషయం క్లుప్తంగా మనవి చేస్తాను. 1500ను 230తో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు, వరండాలో సెల్‌ఫోను ఛార్జరు కోసం పెట్టించిన ప్లగ్గు 6 ఆంపియర్లది. సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగ వేడెక్కి పకోడీల వాసన వచ్చేదాకా ఈ భాగహారమూ చేయలేదు.

తమరి మరణం గురించి రాయక తప్పదు. తమరి లోపలున్నది కార్బన్ బ్రష్షుల మోటారు. తేలికగా ఉంటుంది, చవకగా వస్తుంది, పని చేస్తున్నప్పుడు ధాన్యం మిల్లులో నిలబడినట్టుంటుంది. దానిని కొద్దిసేపు నడిపి చల్లారనివ్వాలి. నేను భోగి ముందురోజు వాకిలి, పెరటి గచ్చు, నూతి పళ్లెం, పశువుల శాల వరుసగా గంటన్నర సేపు ఆపకుండా కడిగించాను. పశువుల శాల దగ్గర తమరు సన్నగా మూలిగి, ఒక నీలిపొగ వదిలి మౌనం పాటించారు. గ్యారంటీ కాగితం పట్టుకుని ఫోను చేస్తే, అవతలి అమ్మాయి ఎంతో మధురంగా, యంత్రాన్ని అసలు పెట్టెలోనే పెట్టి పంపాలండి అని చెప్పింది. ఆ సమయానికి అసలు పెట్టె, రెండు విరిగిన కుర్చీలూ ఒక పాత నులకమంచమూ తోడురాగా, వీధి మొగలో భోగిమంటలో ధగధగా వెలుగుతోంది.

ఆ తరువాత అమలాపురం దారిలో కాలువ పక్కనున్న వాటర్ సర్వీసింగు షాపులో ఒక సాయంత్రం కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అక్కడి కుర్రవాడు రొయ్యల చెరువు గట్టు మీద నుంచి వచ్చిన ఒక జీపును కడుగుతున్నాడు. చక్రాల పై గూళ్లలో నల్ల బురద పిడకలు చరిచినట్టు అంటుకుని ఉంది. అతను ముందుగా తుపాకీని నాలుగడుగుల దూరాన పట్టి, వెడల్పు ధారతో బండి అంతా తడిపి, నురగ కప్పి, పక్కకు వెళ్లి తాపీగా టీ తాగాడు. కొట్టవేమయ్యా అని అడిగితే, “మట్టిని కొట్టకూడదండి మాష్టారూ, నానబెట్టాలండి. నానిందంటే అదే జారిపోద్దండి” అన్నాడు. నానిన తరువాత, ధార 40 డిగ్రీల వెడల్పున విచ్చుకునే మూతితో రెండడుగుల దూరం నుంచి, పైనుంచి కిందికి, ధాన్యం తూర్పార పట్టినంత తేలికగా తోలాడు. గూళ్లలోకి మాత్రం 25 డిగ్రీల మూతి తగిలించాడు. టైరు పక్క గోడల దగ్గరా, తలుపు రబ్బర్ల దగ్గరా, డెంటింగ్ చేసి మళ్లీ రంగు వేసిన చోటా చేయి దానంతటదే వెనక్కి జరిగింది. రేడియేటరు రేకులకు ధార చూపనే లేదు, అవి వంగిపోతాయట. అతని పంపు ఎన్ని బార్లని అడిగితే తెలియదన్నాడు. బార్ల సంగతి తెలియనివాడి బండ్లన్నీ మెరుస్తున్నాయి, 200 బార్లు కొన్నవాడు బెంచీ మీద కూర్చుని నేర్చుకుంటున్నాడు.

తమరి వెంట కూడా అయిదు రంగుల మూతులు వచ్చాయి. అందులో ఎర్రది సున్నా డిగ్రీలది, ధార సూదిలా వస్తుంది, కారుకు కాదు కదా మనిషి కాలివేలికి కూడా చూపకూడనిది. మేము మొదట తగిలించింది సహజంగా దానినే. దక్షిణపు గోడ మీద ఒక్క జానెడు మేర తోలేసరికి సున్నం పొరలు పొరలుగా లేచి, మా తాతగారి కాలపు నీలం, నాన్నగారి కాలపు పసుపు, నా పెళ్లినాటి గులాబి బయటపడ్డాయి. వంశచరిత్ర తెలిసినందుకు సంతోషించాం గాని ఆ గోడకు మళ్లీ వెల్ల వేయించడానికి తమరి ఖరీదులో సగమైంది. పెంకుల జోలికి వెళ్లకుండా మా ఆవిడ అడ్డుపడింది కనుక ఇల్లు దక్కింది.

తమరి వంశ ప్రతిష్ఠను నేను కాదనను. జర్మనీవారి కార్చర్ కంపెనీ 1950లోనే ఐరోపాలో మొదటి వేడినీటి హై ప్రెషర్ క్లీనరును తయారుచేసింది, 2005లో అమెరికాలో రష్‌మోర్ కొండ మీద చెక్కిన నలుగురు అధ్యక్షుల ముఖాలూ కడిగింది. నలుగురు అధ్యక్షులకు ముఖాలు కడిగిన కులంలో పుట్టి, ఒక్క అల్లుడి ముందు నా ముఖం కాపాడలేకపోయారే అన్నదే నా బాధ.

రేపు ఉదయం తమరి వారసుణ్ణి చూడటానికి వెళుతున్నాను. ఈసారి కార్బన్ బ్రష్షులు లేని ఇండక్షన్ మోటారుది కావాలి. బరువు ఎక్కువైనా, ఖరీదు ఎక్కువైనా, నెమ్మదిగా మాట్లాడుతుంది, చాలాకాలం బతుకుతుంది. అయితే దానికీ ఒక పట్టింపు ఉంది, వోల్టేజీ పడిపోతే మోటారు లేవలేక గుయ్యిమంటూ కాలిపోతుంది. కనుక సాయంత్రం దీపాలు గుడ్డివయ్యే వేళ దానిని ముట్టనని మా ఆవిడ ముందు ఒప్పుకున్నాను. పంపు తల ఇత్తడిది కావాలి, గొట్టం కారు చుట్టూ తిరిగి వచ్చేంత ఉండాలి, సీళ్లూ రింగులూ అమలాపురంలో దొరకాలి. బార్ల మాట ఎత్తితే అంగడివాణ్ణి కాగితమూ కలమూ అడుగుతాను. ఒక బకెట్, మూరెడు గొట్టం, చేతి గడియారం సంచిలో సర్దుకున్నాను. బకెట్‌లోంచి నీళ్లు తోడి చూపించిన యంత్రమే మా గుమ్మం ఎక్కుతుంది. అంగడివాళ్లు నవ్వుతారని మా ఆవిడ అంటోంది. అంగడివాళ్ల నవ్వు అల్లుడుగారి వినయం కంటే నయం.

ఇట్లు,
తమరి మాజీ యజమాని

తా.క.: ఎర్ర మూతి తగిలించి ఉండగా మా మనవరాలు తుపాకీ లాక్కుని వాకిట్లో పాకుడు మీద తన పేరు మూడు మూరల పొడవున రాసింది. నల్లటి గచ్చులో తెల్లటి అక్షరాలు, తలకట్టుతో సహా. ఇప్పటికీ అవి కనిపిస్తున్నాయి. ఈ సంక్రాంతికి వస్తున్నానని, తన పేరు చెరపవద్దని నిన్న ఫోనులో గట్టిగా చెప్పింది. పేరు నిలవాలంటే చుట్టూ పాకుడు నిలవాలి, పాకుడు నిలిస్తే అల్లుడుగారు నిలవడం కష్టం. ఏది ఉంచాలో మా ఆవిడ ఇంకా చెప్పలేదు.