మాజీ హన్మకొండ లోక్‌సభ నియోజకవర్గం గారికి ఒక ఓటరు విన్నపం

మహారాజశ్రీ మాజీ హన్మకొండ లోక్‌సభ నియోజకవర్గం గారి దివ్య సముఖమునకు, మీ పుణ్యమా అని ఏడు సార్లు వేలికి సిరా పూయించుకున్న ఒక ఓటరు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు ప్రస్తుతం ఏ పటంలోనూ లేరు కాబట్టి, అక్కడ మీరు కూడా క్షేమమని తలుస్తున్నానన్న మాటను కేవలం ఆనవాయితీ కోసం రాసినట్టు భావించగలరు.

మొన్న మా ఇంట్లో ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్న కుర్రవాడు ఒకటే ప్రశ్నను పైకి చదువుతూ గది నిండా తిరుగుతున్నాడు. 1984 ఎన్నికల్లో భారతీయ జనతా పార్టీ గెలిచిన రెండు స్థానాలు ఏవి? గుజరాత్‌లో మెహసానా, ఆంధ్రప్రదేశ్‌లో హన్మకొండ అని జవాబు కూడా తనే చెప్పుకున్నాడు. సరే నాయనా, ఆ హన్మకొండ స్థానం ఇప్పుడెక్కడుందని అడిగితే, తెలంగాణలోని పదిహేడు స్థానాల పేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టి, పుస్తకంలో అచ్చు తప్పు పడినట్టుందని తేల్చాడు. వాడున్న ఇంటి నుంచి వేయి స్తంభాల గుడికి నడిచిపోవచ్చు. మీరు 1977 నుంచి ముప్ఫై ఏళ్ళకు పైగా కాపురం చేసిన ఊళ్ళో, ఒక మార్కు ప్రశ్నగా తప్ప మిమ్మల్ని గుర్తుంచుకున్నవాడు లేడు. మెహసానా మాత్రం నేటికీ నిక్షేపంగా ఉంది. కవలల్లో ఒకరు బతికి ఒకరు పోతే, బతికినవారిని చూసినప్పుడల్లా పోయినవారి లెక్కలు తీయడం మనవాళ్ళకు అలవాటు కదా, అందుకే ఈ ఉత్తరం.

అసలు ఫిర్యాదు ఏమిటంటే, మీరు మాకు రెండు గర్వాలు అంటగట్టి వెళ్ళారు. ఆ రెండూ ఒక ఒరలో ఇమడవు. పెళ్ళి పందిట్లో నలుగురు పెద్దమనుషులు కూర్చుంటే, పీవీ నరసింహారావు మా వాడని, ఇక్కడే చదువుకున్నాడని, తొలి తెలుగు ప్రధాని మా గడ్డ మీదివాడని ఒకాయన మొదలుపెడతాడు. వక్క నోట్లో వేసుకున్నంత సేపు కూడా కాకముందే అదే పెద్దమనిషి, అంతటి పీవీని ఓడించిన ఊరు మాదని అంతే ఛాతీ విరుచుకుని చెబుతాడు. కన్న గర్వమూ కొట్టిన గర్వమూ ఒక్క నోట ఇంత సాఫీగా పలికే ఓటరు దేశంలో ఇంకెక్కడైనా ఉన్నాడేమో, మీరు ఇప్పుడు ఖాళీగానే ఉన్నారు కనుక విచారించి తెలియజేయగలరు.

1984 డిసెంబరు నాటికి నాకు పదమూడేళ్ళు. సున్నం కొట్టిన గోడల మీద జాజుతో, నీలిమందుతో రాసిన గుర్తులే మాకు అప్పటి రాజకీయ పాఠ్యపుస్తకాలు. మా వీధిలో ఒక విడ్డూరం జరిగింది. దాదాపు రెండేళ్ళ ముందు సైకిలు గుర్తుకు జై కొట్టి, సైకిలు బొమ్మలు గీసి, సైకిళ్ళ మీదే ఊరేగిన కుర్రాళ్ళు, ఈసారి అవే సైకిళ్ళ మీద వచ్చి కమలం పువ్వుకు ఓటెయ్యమని అడుగుతున్నారు. తెలుగుదేశం మీ స్థానాన్ని బీజేపీకి వదిలిపెట్టిందన్న సంగతి మాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది గాని, ఆడవాళ్ళకు ముందే అర్థమైంది. మా అమ్మ పక్కింటి ముసలమ్మకు వార్తాపత్రిక ముక్క ఒకటి చేతికిచ్చి, దాని మీద బొగ్గుతో చుక్క పెట్టించి, మడత పెట్టడం నేర్పుతూ ఉండేది. అడ్డంగా మడిస్తే పువ్వు మీద వేసిన ముద్ర తడి ఆరక చేతి గుర్తుకు అంటుకుంటుందని, ముందు నిలువుగా మడవాలని ఆమె సిద్ధాంతం. ఆ ముసలమ్మ మడతలు మడతలుగా నేర్చుకున్న ఆ విద్య కేంద్ర హోం మంత్రి పదవి మీదికి వెళ్తుందని వాళ్ళిద్దరికీ తెలుసో లేదో నాకు నేటికీ తెలియదు.

అవును మరి, అప్పుడు పీవీ గారు హోం మంత్రి. ఆ సంవత్సరం ఆగస్టులో రామ్‌లాల్ గవర్నరుగా ఉండగా ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని కూలదోసి నాదెండ్ల భాస్కరరావును కుర్చీ ఎక్కించినప్పుడు, నెల తిరిగేసరికి జనం గొడవకు తట్టుకోలేక ఎన్టీఆర్‌ను మళ్ళీ గద్దె మీద కూర్చోబెట్టవలసి వచ్చినప్పుడు, ఢిల్లీలో హోం శాఖ కుర్చీలో ఉన్నది ఆయనే. అక్టోబరు 31న ఇందిరా గాంధీ హత్య జరిగింది. దేశమంతా కన్నీళ్ళతో కాంగ్రెస్‌కు నాలుగు వందలకు పైగా స్థానాలు పోసింది. గ్వాలియర్‌లో వాజపేయి అంతటివాడు మాధవరావు సింధియా చేతిలో ఓడిపోయాడు. అలాంటి వరదలో ఎదురీదిన బుద్ధి తెలుగువాళ్ళది, ఆ బుద్ధిలో కూడా ఒక మెలిక మీది. రాష్ట్రంలో 30 స్థానాలు గెలిచి తెలుగుదేశం లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షమైతే, మీరు మాత్రం చందుపట్ల జంగారెడ్డిని యాభై వేలకు పైగా ఆధిక్యంతో గెలిపించి, దేశం మొత్తం మీద రెండే స్థానాలు దక్కిన పార్టీ ఖాతాలో రెండోది మీరయ్యారు. ఏ గాలి వీచినా దానికి వీపు చూపించడం మీ జాతకంలో ఉంది. 1977లో ఉత్తరాదిన కాంగ్రెస్ ఊడ్చుకుపోయినప్పుడు, మీరు అదే పీవీని పువ్వుల్లో పెట్టి లోక్‌సభకు పంపారు. అప్పుడు రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌వే కాబట్టి దాన్ని మీ ఒక్కరి ప్రత్యేకత అనలేను. కాంగ్రెస్‌కు దక్కని ఆ ఒక్కటి నీలం సంజీవరెడ్డి గెలిచిన నంద్యాల. నంద్యాలను గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

పీవీ గారు ముందుచూపున్న మనిషి. మీ మనసు పసిగట్టారో ఏమో, మహారాష్ట్రలోని రాంటెక్‌లో కూడా నామినేషన్ వేశారు, అక్కడ గెలిచారు, మీరు కాదన్న నెలరోజుల లోపే రక్షణ మంత్రి అయ్యారు. 1989లోనూ రాంటెక్కే. 1991 ఎన్నికల్లో పోటీయే చేయలేదు. రాజీవ్ గాంధీ హత్య తరువాత ప్రధాని పదవి చేపట్టి, ఆరు నెలల్లో ఎంపీ కావలసిన అవసరం పడినప్పుడు ఆయన చూపు మీ వైపు తిరిగిందా? ఎందుకు తిరుగుతుంది? చేయి కాలినవాడు అదే పొయ్యి దగ్గర కూర్చుంటాడా? నంద్యాలకు వెళ్ళారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ అక్కడ అభ్యర్థినే పెట్టలేదు. బీజేపీ నిలబెట్టిన బంగారు లక్ష్మణ్ మీద పీవీకి వచ్చిన ఆధిక్యం 5 లక్షల 80 వేలు. ఏడేళ్ళ కిందట మీ పరిధిలో ఆయనను ఓడించడానికి సైకిలు ఎక్కిన పార్టీయే, కర్నూలు జిల్లాలో ఆయనకు దారి విడిచి నిలబడింది. ఆయన పుట్టిన లక్నేపల్లి వరంగల్ జిల్లాలో, పెంపుడు వెళ్ళిన వంగర కరీంనగర్ జిల్లాలో, చదువుకున్న బడి మన ఊళ్ళో, మరి ప్రధానిని గెలిపించిన ఖ్యాతి మాత్రం నంద్యాలలో. 1996లో ఒడిశాలోని బరంపురం కూడా ఆ వాటాలో చేరింది. సొమ్మొకడిది సోకొకడిదంటే ఇదే కాబోలు.

అయితే మీకు ఆ ప్రభుత్వంలో భాగమే లేదనడం అన్యాయం. 1989 నుంచి వరుసగా మూడు సార్లు మీరు కమాలుద్దీన్ అహ్మద్‌ను గెలిపించారు, ఆయన పీవీ మంత్రివర్గంలో సహాయ మంత్రిగా ఉన్నారు. ప్రధానిని ఓడించిన నియోజకవర్గం నుంచి ప్రధానికి మంత్రి దొరకడం చూసి, ఇది పగో ప్రాయశ్చిత్తమో తెలియక మేము కొంతకాలం తికమకపడ్డాం. ఓటు వయసు పద్దెనిమిదికి తగ్గించిన 1989లోనే నా తొలి ఓటు కూడా మీ పేరు మీద పడింది కాబట్టి, ఆ తికమకలో నా వంతు బాధ్యతను ఒప్పుకుంటున్నాను. తరువాత 1998లోనూ 1999లోనూ తెలుగుదేశం తరఫున చాడ సురేశ్‌రెడ్డి గెలిచారు. ఆ రోజుల్లో మూడున్నరేళ్ళలో మూడు ఎన్నికలు వచ్చి, వేలి మీది సిరా పూర్తిగా పోకముందే మళ్ళీ చుక్క పెట్టించుకోవలసి వచ్చిందన్నది తప్ప చెప్పుకోదగ్గ విశేషం నాకు గుర్తు రావడం లేదు. 2004లో తెలంగాణ రాష్ట్ర సమితి నుంచి బి. వినోద్‌కుమార్ వచ్చారు. మొత్తం మీద పది ఎన్నికలు, ఐదుగురు ఎంపీలు, నాలుగు పార్టీలు. పీవీ తరువాత పువ్వును గెలిపించిన ఆ చెయ్యి మళ్ళీ పువ్వు జోలికి పోలేదు. రెండు స్థానాల పార్టీ కేంద్రంలో అధికారానికి వచ్చేసరికి, దాని మొదటి కష్టకాలంలో నీడనిచ్చిన మీరు వేరే గుర్తుతో కులాసాగా ఉన్నారు. మీ మెలిక గురించి నేను చెప్పినది నిజమని ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

ఇక మీ అంతిమ దినాల సంగతి. జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన పనిచేసిన నియోజకవర్గాల పునర్విభజన సంఘం గీసిన గీతల్లో మీ పేరు లేదు. 2008 ఫిబ్రవరిలో ఆ గీతలకు రాజముద్ర పడింది. సరిగ్గా అప్పుడే తెలంగాణ కోసం టీఆర్‌ఎస్ ఎంపీలు రాజీనామాలు చేయడంతో, మే నెల ఎండల్లో పాత హద్దులతోనే మీకు ఉప ఎన్నిక పెట్టారు. వైద్యులు చేతులెత్తేసిన రోగికి క్షవరం చేయించి, కొత్త బట్టలు తొడిగి, పల్లకిలో ఊరేగించినట్టుంది ఆ సన్నివేశం. ఏడాది తిరగకముందే అదృశ్యమయ్యే స్థానం కోసం మైకులు మోగాయి, జెండాలు ఎగిరాయి, మేము కూడా బుద్ధిగా వరుసలో నిలబడ్డాం. పక్కనున్న వరంగల్, ఆదిలాబాద్‌లలో టీఆర్‌ఎస్ ఓడిపోతే, మీరు కరీంనగర్‌తో కలిసి నిలబెట్టారు. వినోద్‌కుమార్ మళ్ళీ గెలిచారు. నేను ఆనాడు మీట నొక్కి బయటికి వచ్చి, నీడ కోసం గోడవారన నిలబడి, చచ్చిపోయే స్థానానికి ఓటు వేయడం దినం భోజనానికి ముందే వడ్డన చేయడం లాంటిదని పక్కాయనతో అన్నాను. ఆయన నవ్వలేదు. సిరా ఆరేదాకా వేలు ఊపుతూ నిలబడ్డాడు.

2009 నాటికి మీరు లేరు. మీతో పాటు హన్మకొండ అసెంబ్లీ స్థానాన్ని కూడా చెరిపి దానికి వరంగల్ పశ్చిమం అని దిక్కు పేరు పెట్టారు. ఊరు వరంగల్ లోక్‌సభలో కలిసింది, ఆ స్థానం షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు అయింది, అందుకు నాకేమీ అభ్యంతరం లేదు. ఆ మార్పు కారణంగా కొందరు పెద్దమనుషులు ఎన్నికల ఊసెత్తడం తగ్గించారని గమనించాను, అది వేరే ఉత్తరానికి పనికొచ్చే విషయం. 2016లో జిల్లాలు ముక్కలు చేసినప్పుడు మేము వరంగల్ అర్బన్ అయ్యాం. ఊరి పేరు పోయి, పురపాలక సంఘం దస్త్రంలో కనిపించే మాట ఒకటి మా చిరునామాలో చేరింది. 2021 ఆగస్టులో ఆ అర్బన్‌ను తీసేసి హనుమకొండ జిల్లా అని మార్చారు. పార్లమెంటు పటంలో పోయిన పేరు, మధ్యలో ఒక అక్షరం కూడా పెంచుకుని, జిల్లా పటంలో లేచి కూర్చుంది. అన్నిటికన్నా తమాషా ఏమిటంటే, పీవీ గారి వంగర కూడా ఇప్పుడు ఈ జిల్లాలోనే ఉంది. బతికుండగా ఏ పేరు ఆయనను వద్దందో, పోయాక ఆ పేరే ఆయన ఊరిని పొదువుకుంది.

2024 ఫిబ్రవరిలో ఆయనకు భారతరత్న ప్రకటించారు. ప్రకటించింది మీ పరిధిలో ఆయనను ఓడించిన పార్టీ ప్రభుత్వం. ఆ వార్త టీవీలో రాగానే మా కుర్రవాడు, అయితే మన ఊరు ఓడించినందుకే ఇచ్చారా అని అడిగాడు. వాడి ప్రశ్నకు జవాబు మీ దగ్గరే ఉండాలి.

కొత్త జనాభా లెక్కల తరువాత మళ్ళీ గీతలు గీస్తారని చెప్పుకుంటున్నారు. మీరు తిరిగి వచ్చే ఉద్దేశంలో ఉంటే దయచేసి ముందుగా రెండు విషయాలు తెలియజేయగలరు. వంగరను లోపలికి తీసుకుంటారా, బయటే ఉంచుతారా అన్నది మొదటిది. రెండోది, మా ఇంటి గోడకు ఈమధ్యనే సున్నం వేయించాం కాబట్టి, రాసేవాళ్ళు ఏ పువ్వు గీయాలన్నా, ఏ చేయి గీయాలన్నా ఎదురింటి గోడను వాడుకోవలసిందిగా మీ తరఫున చెప్పించగలరు.

ఇట్లు,
మీ పూర్వపు ఓటరు,
హన్మకొండ