మొలలనుకున్న ఎనిమిది నెలలు
ముదిరిన పురీషనాళ (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్‌కు రోబో శస్త్రచికిత్సే మేలని నేను చదివిన ఒక వ్యాసంలో వ్యాసకర్త తేల్చేశారు గాని, ఆ రోబో పద్ధతిని లాపరోస్కోపీతో (చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషన్‌తో) పోల్చి 2017లో వెలువడిన రోలార్ అధ్యయనంలో 471 మందిని పోల్చి చూసినప్పుడు, ఆపరేషన్ మధ్యలో పొట్ట తెరవవలసి రావడం రోబోతో 8.1 శాతం, లాపరోస్కోపీతో 12.2 శాతంగా ఉన్నా, ఆ తేడా గణాంకపరంగా నిలబడలేదు, అంటే అది యాదృచ్ఛికమే కావచ్చు. అయినా రోబో తనంతట తాను కోయదు. కన్సోల్ (నియంత్రణ యంత్రం) వద్ద కూర్చున్న సర్జన్ చేతి కదలికలనే ఇరుకైన కటిభాగంలోకి చేరవేస్తుంది.

రోబో మాట కన్నా ముందు రోగాన్ని సకాలంలో గుర్తించాలి. పలాస దగ్గర మా మామగారు మలంలో రక్తం పడుతుంటే మొలలని ఎనిమిది నెలలు నాటుమందు మింగారు. మలద్వారంలో వేలుపెట్టి పరీక్షించిన వైద్యుడే లేడు. విశాఖ వెళ్లేసరికి గడ్డ బాగా ముదిరినందున, రేడియేషన్, కీమోలతో దాన్ని కుదించాకే ఆపరేషన్ చేశారు (రోబోతో కాదు). ఇప్పుడు మలం చేరేందుకు పొట్టకు అతికించిన సంచితోనే జీడితోటకు వెళ్లివస్తున్నారు.