అడ్రస్ చూసే నొక్కారు, అయినా మోసపోయారు

మొన్న గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు మా ఆఫీసుకు వచ్చారు. కేవైసీ గడువు అయిపోతోందని మెసేజ్, కింద లింకు, నొక్కితే అచ్చం ఆయన బ్యాంకు పేజీ. పింఛను ఖాతా ఖాళీ అయింది. ఎవరి దగ్గరికి వెళ్లినా ఒకటే ప్రశ్న, "పైన అడ్రస్ చూసుకోలేదా?" అని. ఆయన చూశారు. కళ్లజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చదివారు. తప్పేమీ కనిపించలేదు, ఎందుకంటే అక్కడ తప్పు లేదు.

ఏ కాగితమైనా దాచిపెట్టే అలవాటున్న మనిషి కాబట్టి స్క్రీన్‌షాట్ తీసి ఉంచారు. దాన్ని పెద్దది చేసి చూశాం. పైన అడ్రస్ పక్కన, తెరిచి ఉన్న ట్యాబులు ఎన్నో చెప్పే చిన్న గడిలో 7 అని ఉంది. మాస్టారు ఎప్పుడూ ఒక్క ట్యాబు కంటే తెరవరు. అంటే ఆ అడ్రస్ బార్ బ్రౌజర్‌ది కాదు, పేజీలో గీసి పెట్టిన బొమ్మ! ఫోన్‌లో పేజీ కిందికి జరుపుతుంటే అసలు బార్ దాక్కుంటుంది కదా, ఆ ఖాళీలో నకిలీది పెడతారు. క్రోమ్‌లో ఇలా చేయొచ్చని 2019లోనే ఒక డెవలపర్ చేసి చూపించారు.

ఇదొక్కటే కాదు. 2017లో రష్యన్ లిపిలోని అక్షరాలతో ఆపిల్ సైటు పేరు రాసి చూపిస్తే, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండింటిలోనూ అసలు పేరులాగే కనిపించింది. 2020లో రఫే బలోచ్ అనే పరిశోధకుడు బయటపెట్టిన లోపాలు ఇంకా ఘోరం: సఫారీ, యూసీ లాంటి మొబైల్ బ్రౌజర్లలో పైన ఒక సైటు అడ్రస్, కింద ఇంకొకరి పేజీ. ఇక అడ్రస్ పక్కన కనిపించే తాళం గుర్తంటారా, దొంగ సైట్లకూ అది ఉంటోంది కాబట్టి దాన్ని నమ్మకానికి గుర్తు అనుకోవద్దని చెప్పి గూగులే 2023లో క్రోమ్ నుంచి తీసేసింది. మన అవగాహన పోస్టర్లు మాత్రం ఇంకా తాళం చూడమంటూనే ఉన్నాయి.

ఇది ఎందుకు ముఖ్యమంటే, 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం కస్టమర్ నిర్లక్ష్యం వల్ల పోయిన డబ్బు, ఫిర్యాదు చేసేవరకూ కస్టమర్ నెత్తినే పడుతుంది. ఆ "నిర్లక్ష్యం" అనే ఒక్క మాట దగ్గరే మామూలు మనుషులు ఓడిపోతున్నారు. చూడమన్నది చూసి, చూసినదాన్ని నమ్మిన మనిషి నిర్లక్ష్యం చేసినట్టు ఎలా అవుతుంది?

బ్రౌజర్ తయారుచేసే కంపెనీలు ఫోన్‌లో అడ్రస్ బార్‌ను దాచడం మానాలి, తెరపై నాలుగు లైన్ల చోటు కోసం ఇంత ప్రమాదం అక్కర్లేదు. బ్యాంకుల సైట్లన్నీ 2025 అక్టోబరు 31లోగా డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అని ముగిసే పేరుకు మారాలని ఆర్బీఐ చెప్పింది, మంచిదే, కానీ ఆ సంగతి విజయవాడ, గుంటూరు బ్రాంచీల గోడల మీద తెలుగులో రాసి పెట్టాలి. పాఠకులకు మా మాట ఒకటే, మెసేజ్‌లో వచ్చిన లింకు నుంచి బ్యాంకుకు వెళ్లొద్దు, యాప్ తెరవండి. డబ్బు పోతే సిగ్గుపడుతూ కూర్చోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మాస్టారి ఫిర్యాదు మీద "కస్టమర్ నిర్లక్ష్యం" అని రాసి ఫైలు మూసేశారు. ఆ స్క్రీన్‌షాట్ ముందు పెట్టుకుని ఆ ఫైలు మళ్లీ తెరవాలి.